జమ్మి గద్దె మీద సర్కారు తుమ్మ

2024 జూన్‌లో నాకు బదిలీ అయింది. ఏటూరునాగారం వైపు అడవి అంచు ఊళ్లో చాలాకాలం జీవశాస్త్రం చెప్పి, వరంగల్‌లో మట్టెవాడ దగ్గరి ఒక ప్రభుత్వ హైస్కూల్‌కు వచ్చి పడ్డాను. ఆ అడవి ఊరి పిల్లలకు చెట్టు పేరు చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. బడికి నడిచొచ్చే దారిలోనే సగం సిలబస్ అయిపోయేది. ఇక్కడ దారి నిండా బట్టల షాపులు, స్టీలు సామాన్ల కొట్లు, హారన్ మీద నుంచి చెయ్యి తీయని ఆటోలు.

మొదటి వారంలో తొమ్మిదో తరగతి పిల్లలను ఒక ఆహారపు గొలుసు గీయమన్నాను. క్లాసు క్లాసంతా గడ్డి, జింక, సింహం గీసింది.

"సింహాన్ని చూసిండ్రా ఎవరన్న?" అన్నాను.

"చూసినం మేడం."

"ఎక్కడ?"

"ఫోన్ల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల మండింది. జీవవైవిధ్యం అంటే ఏమిటో అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పగల పిల్లలు, బడి గోడ పక్కన పెరిగిన ఒక్క మొక్క పేరు చెప్పలేకపోయారు. మా ఇంట్లో నన్ను మొండిఘటం అంటారు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఈ ఏడు ఈ పాఠం నాలుగు గోడల మధ్య చెప్పేది లేదని.

బడి వెనకాల ఒక మైదానం ఉంది. క్రికెట్, పార్కింగ్, వినాయకుడి మండపం, బతుకమ్మ, అన్నీ అందులోనే. దాని ఒక అంచున వరసగా వేపచెట్లు, రెండో అంచున సిమెంటు గద్దె కట్టిన జమ్మిచెట్టు. దసరా సాయంత్రం చుట్టుపక్కల వీధులన్నీ అక్కడికే వస్తాయి. కాగితం మీద శ్లోకం, ఇంట్లో వాళ్ల పేర్లు రాసి కొమ్మకు కడతారు, పూజ చేస్తారు, ఆకు తుంచుకుని బంగారం అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. తెలంగాణలో పుట్టినవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

శనివారం మధ్యాహ్నాలు పిల్లలను ఆ మైదానానికి తీసుకెళ్తానంటే హెడ్‌మాస్టర్ సార్ గాభరా పడ్డారు. "ఏమన్న అయితే నా మెడకు చుట్టుకుంటది మేడం" అన్నారు. "నా మెడ కూడ పక్కనే ఉంటది సార్" అన్నాను. ఆయన మంచి మనిషి. కాకపోతే మంచితనం కంటే భయం ఒక పాలు ఎక్కువ.

మా పనిలో క్వాడ్రట్ అని ఒకటి ఉంటుంది. నాలుగు కర్రలు, తాడు. మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం నేల మీద వేసి, అందులో ఏమేం బతుకుతున్నాయో ఒక్కటి వదలకుండా రాసుకోవడం. ఎంత పెద్ద అడవినైనా ఇలా ముక్కలు ముక్కలుగానే చదువుతారు. పిల్లలు వేపచెట్టు కింద చదరం వేస్తే గరిక, ఉత్తరేణి, నేల ఉసిరి, గడ్డిచామంతి, చీమలు, మిడతలు, పేరు తెలియని ఒక ఆకుపచ్చ పురుగు దొరికాయి. ఆ పురుగు కోసం రెండు జట్లు కొట్టుకున్నంత పని చేశాయి. తర్వాత జమ్మిచెట్టు కింద వేశారు. అక్కడ ఏమీ లేదు. ఎండిన కాయలు, ముళ్లు, ఆ చెట్టు పిల్లమొక్కలే నాలుగు.

"జనం తొక్కుతరు గద మేడం, గందుకే మొలుస్తలేదు" అన్నాడొకడు.

"మరి గోడ దిక్కు ఎవరు తొక్కుతాన్నరు?" అంది వైష్ణవి.

వైష్ణవి ముందు బెంచీలో కూర్చునే పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. దాని ప్రశ్న నిజమే. గద్దెకూ గోడకూ మధ్య మనిషి దూరలేని సందు ఉంది. అక్కడ కూడా గడ్డిపోచ లేదు. పిల్లలు దాన్నే జిల్లా సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుగా తీసుకున్నారు. ఒకే మైదానంలో, ఒకే వానకు, ఒక చెట్టు కింద ఇన్ని జీవులు, ఇంకో చెట్టు కింద ఇంత బోడి ఎందుకు? ఇంతకంటే మంచి ప్రశ్న నా సర్వీసులో ఏ పిల్లలూ వేయలేదు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

అప్పటికి నేను ఆ చెట్టు కింది నేలనే చూశాను, కొమ్మను పట్టి చూడలేదు. జమ్మి కింద పచ్చగా ఉండాలి. రైతులు చేనుగట్టు మీద దాన్ని కొట్టకుండా ఉంచేదే అందుకు. గద్దె ఎక్కి కొమ్మ వంచి చూడగానే నాకు అనుమానం గట్టిపడింది. కానీ నోరు మూసుకున్నాను. పిల్లలకు దొరకాల్సిన జవాబును టీచర్ చెప్పేస్తే, వంట చేస్తున్న పిల్లల చేతిలోంచి గరిటె లాక్కున్నట్టే.

ఆ ఆదివారం ప్రాజెక్టు పిల్లలను ఆటోలో ఊరవతల మా తమ్ముడి చేనుకు తీసుకెళ్లాను. గట్టు మీద ఒక జమ్మిచెట్టు ఉంది. మా నాయన కాలం నుంచీ ఉన్నదే. కింద మొదలు దాకా గడ్డి, దాన్ని ఆనుకుని పత్తి. ఒక పక్క కొమ్మలు మాత్రం మోడుబారి ఉన్నాయి. పోయిన దసరాకు ఎవరో ట్రాలీ వేసుకొచ్చి నరికి తీసుకుపోయారని మా తమ్ముడు తిట్టుకుంటూ చెప్పాడు. పిల్లలు ఒక చిన్న రెమ్మ తెచ్చుకున్నారు.

సోమవారం ఆ రెమ్మ పక్కన మైదానం చెట్టు రెమ్మనూ ఉంచి, డైకాటమస్ కీ ముందు పెట్టాను. ఇది మొక్కను గుర్తుపట్టే ప్రశ్నల వరుస. ప్రతి ప్రశ్నకూ రెండే దారులుంటాయి. ఒక దారి పట్టుకుని పోతూ ఉంటే చివర పేరు వస్తుంది. పుస్తకంలోనిది ఇంగ్లీషులో బరువుగా ఉంటే, పిల్లలూ నేనూ కూర్చుని తెలుగులో రాసుకున్నాం. ఆకు చిన్న చిన్న ఆకులుగా చీలి ఉందా? రెండు రెమ్మలకూ ఉంది. ముల్లు ఉందా? రెండింటికీ ఉంది. ముళ్లు కణుపు దగ్గర జంటగా ఉన్నాయా, కొమ్మ పొడుగునా చెదురుగా ఉన్నాయా? అక్కడ దారులు విడిపోయాయి. మా చేను రెమ్మ జమ్మి దగ్గరికి పోయి ఆగింది. మైదానం రెమ్మ పొడుగాటి జంట ముళ్లతో, వంకర కొమ్మతో, సర్కారు తుమ్మ దగ్గర ఆగింది.

సర్కారు తుమ్మ మన నేలది కాదు. ఇన్వేసివ్ స్పీషీస్ అంటాం, అంటే బయటి నుంచి వచ్చి, ఇక్కడి మొక్కలను నిలవనీయకుండా పాకిపోయేది. జమ్మికి దగ్గరి చుట్టమే, చిన్నప్పుడు రెండూ ఒకేలా కనబడతాయి. క్లాసు గొల్లున నవ్వింది. "తుమ్మచెట్టుకు మొక్కుతానమా మేడం!" అని మగపిల్లలు బెంచీలు చరిచారు. వైష్ణవి ఒక్కతే నవ్వలేదు. మొహం వాడిపోయింది.

"మేడం, ఆ చెట్టు పెట్టింది మా తాత" అంది.

వాళ్ల తాత నాగభూషణం గారు. బడి సందు మొదట్లో పూజ సామాన్ల దుకాణం ఆయనది. దసరా నాడు గద్దె మీద పూజ చేయించేదీ, మైకులో పేర్లు పిలిచేదీ ఆయనే. ఆ రోజు పిల్లలతో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఈ సంగతి ప్రాజెక్టు చార్టు మీదికి ఎక్కకముందు, చెట్టు పెట్టిన మనిషికి తెలియాలి. అప్పటిదాకా ఎవరూ నోరు విప్పొద్దు. తొమ్మిదో తరగతి పిల్లల నోటికి తాళం వేయొచ్చని అనుకోవడం నా అమాయకత్వం. వినాయక నిమజ్జనం అయ్యేలోపు వీధంతా పాకింది.

ఒక ఉదయం మైదానం కమిటీ వాళ్లు హెడ్‌మాస్టర్ గదికి వచ్చారు. ముందు నిలబడినవాడు శ్రీకాంత్, సెల్‌ఫోన్ల షాపు నడిపే యువకుడు.

"మీరు పాఠం చెప్పుకోండ్రి మేడం. మా దేవుని చెట్టుతోని మీకేం పని? జమ్మిని పట్టుకొని తుమ్మ అంటరా?"

"పాఠమే చెప్తాన్న తమ్మీ. వచ్చి చూడు, ముల్లు నీకు గూడ కనబడ్తది."

"మాకు సూడవలసిన పని లేదు. సెలవులు ఇచ్చేలోపు పోరగాండ్లతోని తప్పైందని చెప్పియ్యండ్రి."

వాళ్లు వెళ్లాక సార్ చెమట తుడుచుకున్నారు. "ఎందుకొచ్చిన లొల్లి మేడం? ఆ ప్రాజెక్టు పక్కన పెట్టుండ్రి. వోల్కేనో చేయించండ్రి, మంచిగ పొగ వస్తది."

"సార్, పిల్లలు కళ్లతోని చూసి రాసిన్రు. చూసింది కాదని చెప్పమంటే రేపటి నుంచి నేను ఏ మొహం పెట్టుకొని సైన్స్ చెప్పాలె?" అన్నాను. శనివారం నడకలు మాత్రం ఆగిపోయాయి. సార్ ఆపించారు.

నన్ను అది అంత బాధ పెట్టలేదు. వైష్ణవి రెండు రోజులు బడికి రాలేదు, అదే నన్ను నిలవనీయలేదు. తాత దానితో మాట్లాడటం మానేశాడని, అన్నం పెట్టబోతే పళ్లెం పక్కకు జరిపాడని దాని స్నేహితురాలు చెప్పింది. నా పాఠం ఒక ఇంట్లో అన్నం దగ్గరికి పోయింది. ఇక ఆగలేదు. సాయంత్రం దుకాణానికి వెళ్లాను.

ఆయన కర్పూరం పొట్లాలు కడుతున్నారు. తల ఎత్తకుండానే "కూసోండ్రి మేడం" అని స్టూలు చూపించారు. నేను చెప్పాలనుకున్నది మొదలుపెట్టేలోపే ఆయన మొదలుపెట్టారు.

"ఎనుకట మా దిక్కు ఒక జమ్మి ఉండె. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన్రు. పండుగ నాడు ముసలోళ్లు గంత దూరం నడవలేక ఇంట్లనే కూసునేది. మా అవ్వ ఒక ఏడు బంగారం ముట్టలేదని ఏడ్సింది. గప్పుడు నేనే ఒక చెలకల్లెకెల్లి మొక్క తవ్వి, తువ్వాలల సుట్టుకొని తెచ్చిన. ఎండకాలం బిందెలతోని నీళ్లు మోసిన. ఇప్పుడు నా మనుమరాలే అది జమ్మి కాదంటాంది." ఆయన చేతిలో పొట్లం ఆగింది. "కాకపోతే మేడం, గిన్నేండ్లు గీ జనంతోని దేనికి మొక్కిచ్చిన నేను?"

నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను. "గది నాకు తెల్వదు బాపూ. నాకు తెలిసింది ఆకు, ముల్లు. ఒక్కసారి మీరే వచ్చి చూడుండ్రి. చూసినంక గూడ జమ్మే అంటే, మైదానంల అందరి ముంగట నాదే తప్పని నేను చెప్త. పిల్లను మాత్రం బడికి పంపుండ్రి. అది చేసిన తప్పేం లేదు."

ఆయన ఆగిన పొట్లం కట్టి పక్కన పెట్టారు. తర్వాత దుకాణం వెనకున్న ఇంటి వైపు తిరిగి, "వైష్ణవీ, సెప్పులేసుకో బిడ్డ" అన్నారు.

ముగ్గురం మైదానానికి వెళ్లేసరికి శ్రీకాంత్, కమిటీ వాళ్లు ఇద్దరు ముగ్గురు మా వెనకాలే వచ్చారు. నేను వెనక్కి జరిగి నిలబడ్డాను. వైష్ణవి బ్యాగులోంచి మా చేను రెమ్మ తీసింది, రెండో చేత్తో చెట్టు కొమ్మ వంచింది.

"తాతా, గీ చెట్టుకు ముల్లు ఎక్కడున్నది?"

ఆయన అద్దాలు సర్దుకుని కొమ్మ మీద బొటనవేలు జరిపారు. గుచ్చుకుంది. "కణుపు కాడ. రెండు రెండు ఉన్నయి."

"మరి గీ రెమ్మకు?"

"పొడుగుతా ఉన్నయి. సన్నగ, ఎక్కడ పడితే అక్కడ."

"కొమ్మ ఎట్లున్నది?"

"మనది వంకర టింకరగ ఉన్నది. ఇది సక్కగున్నది." ఆయన వంగి నేల మీది లావుపాటి పసుపు కాయ ఒకటి తీసుకుని విరిచారు, వాసన చూశారు. మేకలు తినే కాయ అది, ఆయనకు తెలియంది కాదు. కాయ కింద పడేసి, అద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు. "సర్కారు తుమ్మనే" అన్నారు.

వైష్ణవి ఏడవడం మొదలుపెట్టింది. ఆయన దాని తల మీద చెయ్యి వేశారు. "ఎందుకేడుస్తవ్? తెచ్చింది నేను. జనానికి సుత నేనే చెప్తా."

నా గుండె బరువు అప్పుడు దిగింది. కథ అక్కడ అయిపోయిందనే అనుకున్నాను. కానీ శ్రీకాంత్ ఉన్నాడు కదా. మొన్నటిదాకా దాన్ని తుమ్మ అంటే కొట్టడానికి వచ్చినవాడు, ఇప్పుడు చొక్కా చేతులు మడిచాడు.

"అయితే తీసి పారేద్దాం బాపూ. మా బామ్మర్దికి జేసీబీ ఉన్నది. రేపే పీకిపిస్తా. పండుగకు అసల్ జమ్మి కొమ్మలు తెచ్చి గద్దె మీద పాతుదాం. మేడం వాళ్ల తమ్ముని చేండ్ల ఉన్నదట గద, ట్రాలీ నేను పెడ్త."

కమిటీ వాళ్లు తలలూపారు. నిజం చెప్పాలంటే నాకూ ఒక్క క్షణం అది సబబుగానే తోచింది. పరాయి మొక్కను పీకెయ్యాలనేగా నేను బోర్డు మీద రాసేది.

"వద్దన్నా" అంది వైష్ణవి, ముక్కు తుడుచుకుంటూ. "మేడం వాళ్ల చెట్టును ఒక పక్క ఇప్పటికే ఎవరో నరికిన్రు, నేను చూసిన. మైదానం నిండ జనం వస్తరు. తలా ఒక రెమ్మ అన్నా ఆ చెట్టు మిగలది. జమ్మి మెల్లగ పెరుగుతది. ఈ తుమ్మను మనం ఏటా తుంచుతనే ఉన్నం, అది చిగురు పెడ్తనే ఉన్నది." కొంచెం ఆగి, చెట్టు వైపు చూసి అంది. "గిన్నేండ్లు మన చేతులు అసలు జమ్మి మీద పడకుండ ఆపింది ఇదే గదా."

ఈ ముక్క నేను చెప్పింది కాదు, పుస్తకంలో ఉన్నదీ కాదు. ఆ చెట్టు జమ్మి కాదని మొదట చెప్పిన పిల్లే దాన్ని కొట్టొద్దని అడ్డం నిలబడింది. ఆవరణ వ్యవస్థ అంటే ఒకదాని బరువు ఇంకొకటి మోయడమని ఇన్నేళ్లు బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెప్పాను. అది ఒక పిల్ల నోట్లోంచి మైదానం మధ్యలో వినబడితే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు కూడా.

శ్రీకాంత్ తల గోక్కున్నాడు. "మరేం చేద్దాం అంటవ్ చెల్లే?"

మరునాడు నాగభూషణం గారు బడికి వచ్చి హెడ్‌మాస్టర్ సార్ ఎదురుగా కూర్చున్నారు. ఏం చేయాలో ఆయనా వైష్ణవీ రాత్రే మాట్లాడుకున్నారు. ఈ ఏడు ఇదే చెట్టు. నర్సరీ నుంచి జమ్మి మొక్కలు తెచ్చి మైదానం అవతలి అంచున, వేపల దగ్గర నాటాలి. తుమ్మ నీడలో ఏదీ మొలవదని పిల్లల క్వాడ్రట్లు చెప్పనే చెప్పాయి. తుమ్మ కాయలు మేకలు తిని గింజలు ఊరంతా చల్లకముందే ఊడ్చెయ్యాలి, పిల్లమొక్కలను ప్రతి వానాకాలం తొమ్మిదో తరగతి పీకాలి. జమ్మి చేతికి అందనంత ఎత్తు పెరిగిన రోజున తుమ్మను తీసెయ్యాలి. అంతదాకా జమ్మి ఆకు ఎవరూ ముట్టొద్దు. సార్ అంతా విని, "అయితే శనివారం నడకలు మొదలుపెట్టుండ్రి మేడం" అన్నారు, ఆపించింది ఎవరో అన్నట్టు.

ప్రాజెక్టు సంగతి కూడా చెప్పేస్తాను. జిల్లా ఫెయిర్‌లో మాకేమీ రాలేదు. మొదటి బహుమతి సిరంజీలతో చేసిన జేసీబీ బొమ్మకు వచ్చింది. వైష్ణవి కడుపుబ్బ నవ్వింది.

దసరా సాయంత్రం నేనూ వెళ్లాను. పూజకు ముందు ఆయన మైకు పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. జనంలో గుసగుసలు లేచాయి. కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. ముందు వరసలో ఒక ముసలామె లేచి, "మరి పోయినేడు నేను రాసి కట్టిన మొక్కు ఏం గావాలె నాగభూషణం?" అని అడిగింది. అది ఆయన నన్ను అడిగిన ప్రశ్నే. ఆయన మైకు పట్టుకునే ఆమె వైపు నడిచారు.

"మొక్కింది నువ్వు అక్కా, ఇన్నది దేవుడు. నడుమ చెట్టు పేరు నేను తప్పు చెప్పిన. గంతే."

ఆమె కూర్చుంది. పూజ జరిగింది.

ఇప్పుడు ఏ క్లాసులోనైనా ఇన్వేసివ్ స్పీషీస్ పాఠం వస్తే, దాన్ని పీకెయ్యాలని రాసేముందు ఒక ప్రశ్న రాయిస్తాను. ఇది ఇక్కడ చేస్తున్న పని ఏమిటి, దీన్ని తీసేస్తే ఆ పని ఎవరి నెత్తిన పడుతుంది? జవాబు తెలిశాకే చెయ్యి వెయ్యాలి, తెలిశాక తప్పక వెయ్యాలి. అవతలి అంచున నాటిన జమ్మి మొక్కలు కొన్ని పోయాయి. మిగిలినవి ఇంకా నడుము ఎత్తుకు కూడా రాలేదు. వాటి చుట్టూ కట్టిన కంచె దగ్గర పండుగ నాడు కాపలా కూర్చునేది శ్రీకాంతే.

ఆ దసరా నాడు జనం పలచబడ్డాక నాగభూషణం గారు నా దగ్గరికి వచ్చారు. పక్కన వైష్ణవి ఉంది. ఆయన గుప్పిట విప్పి నాలుగు ఆకులు నా అరచేతిలో పెట్టారు.

"తుమ్మ ఆకే మేడం" అన్నారు. "ఈసారి తెలిసి ఇస్తాన్న."